డూడుల్ కొనాలా, పేపర్లున్న ల్యాబ్ కొనాలా? మన డెల్టాలో అయితే ముందు బొచ్చు చూడండి

మీరు అడిగింది ఇదీ: ఉండేది భీమవరం. కుక్క దగ్గరికెళ్తే బాబుకి తుమ్ములు, కళ్లు ఎర్రబడడం. లాబ్రడూడుల్‌తో, అంటే లాబ్రడార్‌కీ (ల్యాబ్) పూడుల్‌కీ పుట్టిన డూడుల్‌తో, అలర్జీ రాదు, క్రాస్ కాబట్టి జబ్బులూ రావు అని బ్రీడర్ అంటున్నాడు. మీ మావగారేమో కొంటే వంశం పేపర్లున్న ప్యూర్ ల్యాబే కొనాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

మా ఇంట్లో ల్యాబ్ ఉందండి. అమలాపురంలో మా అక్కా వాళ్లది లాబ్రడూడుల్. వాళ్లు ఊరెళ్లినప్పుడల్లా అది మా పాలకొల్లు ఇంట్లోనే దిగుతుంది. అలా రెండింటి చాకిరీ తెలుసు కాబట్టి చెప్తున్నాను.

ముందు అలర్జీ. అది బొచ్చు వల్ల వచ్చేది కాదు. కుక్క ఉమ్ములో, చర్మం మీది సన్నటి పొట్టులో ఉండే ప్రొటీన్ల వల్ల వస్తుంది. ఏ కుక్కకైనా ఉమ్మూ ఉంటుంది, చర్మమూ ఉంటుంది. అసలు లాబ్రడూడుల్ అందరి నోళ్లలో పడింది ఆస్ట్రేలియాలో, 1989 ప్రాంతంలో. అక్కడ అంధులకు కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవాడు. హవాయిలో చూపులేని ఒకావిడకు కుక్క కావాలి, ఆవిడ భర్తకేమో అలర్జీ. ల్యాబ్‌కీ స్టాండర్డ్ పూడుల్‌కీ దాటు వేయించి, పుట్టిన మూడు పిల్లల బొచ్చూ ఉమ్మూ అక్కడికి పంపితే, భర్తకు పడింది ఒక్కదానిదే. ఒకే తల్లి, ఒకే ఈత, అందులోనూ ఇంత తేడా. ఆ తర్వాత డూడుల్ వ్యాపారం ఎటు పోయిందో చూసి, దీన్ని ఎందుకు మొదలుపెట్టానా అని కాన్రనే బాధపడ్డాడు. అమెరికాలో ఇళ్లలోని దుమ్ము పరీక్షించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. అలర్జీ రాదని పేరున్న జాతులున్న ఇళ్లలోనూ, మామూలు కుక్కలున్న ఇళ్లలోనూ ఆ ప్రొటీన్ పాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

మా బావగారు డూడుల్ కొన్నదే అలర్జీ కోసం. ఇప్పటికీ పొద్దున్నే తుమ్ముతారు. మునుపటి మీద నయమే అంటారు గానీ, ఆ నయం కుక్క వల్లా, రాత్రి వేసుకునే సిట్రజిన్ అలర్జీ మాత్ర వల్లా అని మా అక్క అనుమానం.

ఇక క్రాస్‌కి జబ్బులు రావన్న మాట. ఇందులో కొంత నిజం ఉంది. దగ్గర రక్తంలోనే దాట్లు వేయిస్తూ పోతే లోపాలు పైకి తేలతాయి, బయటి రక్తం కలిస్తే కొన్ని అణుగుతాయి. అయితే తల్లికీ తండ్రికీ ఒకే లోపం ఉన్నప్పుడు ఏం అణుగుతుంది? తుంటి కీలు వదులై కుంటడం ల్యాబ్‌లోనూ ఉంది, స్టాండర్డ్ పూడుల్‌లోనూ ఉంది. వయసుతో చూపు పోయే ఒక జన్యు జబ్బు కూడా రెండింటిలోనూ ఉంది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్లు 24 జన్యు సంబంధ జబ్బులు తీసుకుని లెక్క చూస్తే, 10 ప్యూర్ జాతుల్లో ఎక్కువ, ఒకటి మిశ్రమ కుక్కల్లో ఎక్కువ, మిగతా 13 రెండింటిలోనూ సమానం. 2024లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు డూడుల్ రకాల్నే వాటి తల్లిదండ్రుల జాతులతో పోల్చి చూశారు. ఎక్కువ జబ్బుల విషయంలో తేడా లేదు.

పేపర్ల సంగతీ అంతే. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ చెప్పేది వంశం, ఆరోగ్యం కాదు. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీశారా, కళ్లు చూపించారా అని విడిగా అడగాలి. మనవాళ్లు సంక్రాంతి పందేనికి పుంజు కొనేటప్పుడు దాని తాత ఏ బరిలో గెలిచాడో కూడా ఆరా తీస్తారు. వేలు పోసి కుక్కపిల్లని మాత్రం వాట్సాప్ ఫొటో చూసి కొనేస్తారు.

నన్నడిగితే మన డెల్టాలో అసలు ప్రశ్న క్రాసా ప్యూరా అన్నది కాదు, ఈ తేమలో ఆ బొచ్చుతో మీరు వేగగలరా అన్నది. డూడుల్ బొచ్చు రాలదని చెప్తారు. ల్యాబ్‌కీ పూడుల్‌కీ నేరుగా పుట్టిన మొదటి తరం డూడుల్‌కి ఎలాంటి బొచ్చు వస్తుందో బ్రీడర్‌కే తెలీదు. కొన్ని ల్యాబ్‌లాగే రాలుస్తాయి. ఒకవేళ రాలకపోతే ఆ ఊడిన వెంట్రుక ఎక్కడికీ పోదు, పక్క వెంట్రుకలకు చుట్టుకుని జడలు కడుతుంది. ముసురు పట్టినప్పుడు చూడాలి మా అక్కావాళ్లదాన్ని. పైకి చూస్తే ముద్దుగా, పొడిగా ఉంటుంది. చెవి వెనక వేలు పెట్టి పాయ తీస్తే లోపల దుప్పటి ముక్కలా అట్ట కట్టి ఉంటుంది, దాని కింద చర్మం తడిగా, ఎర్రగా, మాగిన వాసన. చంకల్లో, కాలర్ కింద, తోక మొదట్లోనూ ఇదే. అప్పుడు దువ్వెన పనిచేయదు, కత్తెర పెడితే చర్మం తెగుతుందని భయం, ట్రిమ్మర్‌తో మొత్తం గీకేయడమే. ఆ పనికి మా అక్కావాళ్లు రాజమండ్రి తీసుకెళ్తారు. గుండు చేయించాక మేక పిల్లలా ఉంటుందని మా పిల్లలు నవ్వుతారు గానీ, దానికి మాత్రం ప్రాణం లేచొస్తుంది.

ల్యాబ్ బొచ్చు పొట్టి. తుడిచేస్తే ఆరిపోతుంది, కానీ ఇల్లంతా రాలుతుంది. సోఫా మీద, ప్యాంటు మీద, ఒక్కోసారి ఆవకాయ జాడీ మూత మీద కూడా. తిండికి హద్దుండదు. ల్యాబ్‌లలో సుమారు నాలుగో వంతుకి ఆకలి తీరనివ్వని జన్యు మార్పు ఉందని 2016లో కనిపెట్టారు, మాది ఆ బాపతే అని మా నమ్మకం. కొలిచి పెట్టకపోతే లావెక్కి తుంటి మీద భారం పడుతుంది. కాలవలో ఈదించి తెస్తే చెవులు ఆరబెట్టాలి, లేదంటే చీము పడుతుంది.

పిడుదులు మాత్రం రెండింటినీ సమానంగానే పడతాయి. పొట్టి బొచ్చులో కనపడతాయి, డూడుల్‌లో వెతకాలి. కాలి వేళ్ల మధ్య, చెవి లోపల చూడండి. గోడ పగుళ్లలో కూడా దాక్కుంటాయి కాబట్టి కుక్కకి మందేస్తే సరిపోదు. తిండి మానేసి, జ్వరంతో, ముక్కు నుంచి రక్తం వస్తే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుమానించి అదే రోజు డాక్టర్‌కి చూపించండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకీ అంటుకుంటుంది. ఆ టీకా ఏటా తప్పకూడదు.

అన్నట్టు, మీ పక్కనే కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అని మన సొంత జాతి ఉంది. పొట్టి నున్నటి బొచ్చు, బాతుల మందల్ని తోలడానికి వాడేవారు, మొరిగే బదులు ఒకలాంటి కూత కూస్తుంది. ఇప్పుడు అరుదైపోయింది. ఒకరిద్దరికే అలవాటుపడే రకం కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పిల్లాడికి అని నేను చెప్పను. చెరువు గట్టు మీద కాపలాకైతే మాత్రం డూడుల్ కన్నా వెయ్యి రెట్లు నయం.

మీ విషయంలో నా ఓటు: ముందు బాబుకి అలర్జీ టెస్ట్ చేయించండి. కుక్క పడదని గట్టిగా తేలితే ఏ జాతీ వద్దు. కొద్దిపాటిదే అయితే, డాక్టర్ సరేనంటే, ల్యాబే తీసుకోండి, ఈ గాలికి దాని బొచ్చే మేలు. మావగారి మాట నెగ్గుతుంది గానీ, పేపర్ల వల్ల కాదని ఆయనకి చెప్పనక్కర్లేదు. బేరం కుదరకముందే బాబుని వెంటబెట్టుకెళ్లి, పిల్లతోనే కాకుండా తల్లి కుక్కతో కూడా కాసేపు ఆడనివ్వండి, ఇంకోరోజు మళ్లీ తీసుకెళ్లండి. తల్లిని చూపించడం కుదరదంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.