లా పాజ్‌లో కాదు, లిమాలో దిగండి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. రెండూ అదుపులోనే ఉన్నాయి. మా ఆవిడకు 53 ఏళ్లు. జబ్బులేమీ లేవు కానీ, ఎప్పుడో సల్ఫా మాత్ర వేసుకుంటే దద్దుర్లు వచ్చాయి. ఇద్దరం పదకొండు రోజుల్లో పెరూ, బొలీవియా చూసి రావాలనుకుంటున్నాం. టికెట్ చవగ్గా వస్తోందని ముందు లా పాజ్‌లో దిగి, ఉయూని ఉప్పు మైదానం, టిటికాకా సరస్సు, కుస్కో, మచు పిచ్చు చూసుకుని లిమా నుంచి వెనక్కి రావాలని ప్లాన్. అక్కడ ఊపిరి ఆడదంటున్నారు. కోకా టీ తాగితే చాలని ఒకరు, ఆక్సిజన్ డబ్బా కొనుక్కోమని ఇంకొకరు చెబుతున్నారు. టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వెళ్లొచ్చు. అయితే మీరు రాసిన దారిని తిరగేసి వెళ్లండి. లిమాలో దిగి, లా పాజ్ నుంచి తిరిగి రండి. టికెట్‌కి కొంచెం ఎక్కువైనా సరే. నేను రాసే మందులన్నిటికంటే ఈ ఒక్క మార్పే మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

లా పాజ్ విమానాశ్రయం ఎల్ ఆల్టోలో ఉంది. సముద్రమట్టానికి 4,060 మీటర్లకు పైగా ఎత్తు. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 శాతమే, అందులో తేడా ఉండదు. తగ్గేది గాలి ఒత్తిడి. ఆ ఎత్తులో అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు అరవై శాతమే. అంటే ప్రతి శ్వాసకూ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలోని ఆమ్ల, క్షారాల లెక్క సరిచేస్తాయి. కానీ అందుకు రోజులు కావాలి. ఇరవై ముప్పై గంటలు విమానాల్లో కూర్చుని, నిద్ర లేకుండా, నీళ్లు సరిగా తాగకుండా ఒక్కసారిగా అక్కడ దిగితే ఆ టైమ్ దానికి దొరకదు. చూడాల్సిన పదకొండు రోజుల్లో మొదటి మూడు హోటల్ గదిలో తల పట్టుకుని కూర్చోవడంతోనే సరిపోతాయి.

లిమా సముద్రం ఒడ్డున ఉంది. ఒక రాత్రి అక్కడ నిద్రపోండి. మర్నాడు విమానంలో కుస్కో చేరతారు. కుస్కో 3,400 మీటర్లు. ఆ రోజు అక్కడ ఆగకుండా నేరుగా కారులో పవిత్ర లోయలోకి దిగిపోండి. ఉరుబంబా, ఓయాంటాయ్‌టాంబో ఊళ్లు దాదాపు 2,800 మీటర్లలో ఉంటాయి. రెండు రాత్రులు అక్కడే గడపండి. ఓయాంటాయ్‌టాంబో నుంచే మచు పిచ్చుకు రైలు ఉంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, మచు పిచ్చు కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కింద ఉంటుంది (2,430 మీటర్లు). ఆ కొండ కింది ఊరు అగ్వాస్ కాలియెంతెస్ ఇంకా కిందికి ఉంటుంది. ఒక రాత్రి అక్కడ పడుకుంటే శరీరానికి మరికాస్త టైమ్ దొరుకుతుంది. ఆ తర్వాత కుస్కోలో రెండు రాత్రులు, అక్కడి నుంచి టిటికాకా (3,812 మీటర్లు), చివరికి లా పాజ్. ఉయూని కూడా 3,600 మీటర్లకు పైనే ఉంది, కానీ అప్పటికి మీరు వారం రోజులుగా ఎత్తుల్లో ఉన్న మనిషి.

రెండు చోట్లకు మాత్రం మీరు వెళ్లొద్దంటాను. ఒకటి, కుస్కో దగ్గర ఐదు వేల మీటర్లు దాటిన రెయిన్‌బో మౌంటెన్. ఫొటోలు చూసి అందరూ కుస్కోలో దిగిన రెండో రోజే బుక్ చేస్తారు. రెండోది, ఉయూని నుంచి రంగుల సరస్సులు, వేడినీటి బుగ్గల వైపు వెళ్లే మూడు రోజుల జీపు టూర్. అందులో రాత్రి పడక 4,200 మీటర్ల పైన ఉంటుంది. అర్ధరాత్రి ఎవరికైనా ఊపిరి అందకపోతే కిందికి దించడానికి దగ్గర్లో పల్లపు ఊరు ఉండదు. ఉప్పు మైదానం ఒక్క పగలు చూసి రండి, అదే చాలా బాగుంటుంది.

ఇప్పుడు మందు సంగతి. ఎసిటజోలమైడ్, అదే డయామాక్స్ అని మందుల షాపుల్లో అడిగేది. 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం. కుస్కో విమానం ఎక్కే ముందు రోజు మొదలుపెట్టి, పైకి చేరాక రెండు రోజుల నుంచి నాలుగు రోజుల వరకు వాడతారు. శ్వాసను పెంచి, శరీరం అలవాటు పడే పనిని వేగంగా చేయిస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. కంగారు పడొద్దు, అవి ఈ మందుతో మామూలే. కాకపోతే మీరు సొంతంగా కొనుక్కుని మొదలుపెట్టవద్దు. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, దీనికి తోడు ఎసిటజోలమైడ్ అంటే మూత్రపిండాలు బాగా పనిచేస్తుండాలి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులతో మీ డాక్టర్‌ను కలవండి. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే షుగర్ మాత్ర ఏదైనా వాడుతుంటే అదీ చెప్పండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటితో చిక్కులొస్తాయి. ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కినప్పుడు ఛాతీలో బరువు, మామూలు కంటే ఎక్కువ ఆయాసం అనిపిస్తే ముందు గుండె పరీక్షలు చేయించుకోండి. టికెట్ సంగతి తర్వాత.

మీ షుగర్ గురించి ఇంకో మాట. ఎత్తు జబ్బు మొదటి లక్షణాలు తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం. షుగర్ పడిపోయినా దాదాపు ఇలాగే ఉంటుంది. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, నడక పెరుగుతుంది, గ్లిమెపిరైడ్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. కాబట్టి అలా అనిపించిన ప్రతిసారీ ముందు వేలు గుచ్చి చూసుకోండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచుకోండి. గ్లూకోమీటర్‌ను చలిలో బయట వదిలేయకుండా లోపలి జేబులో పెట్టుకోండి. చలికి, ఎత్తుకు కొన్ని మీటర్లు తప్పుడు లెక్క చూపిస్తాయి. ఉయూనిలో జూన్, జులై రాత్రులు సున్నాకి చాలా కిందికి పోతాయి. గ్లిమెపిరైడ్‌ను గడియారం చూసి కాకుండా టిఫిన్ ముందు పెట్టుకుని వేసుకోండి. విమానంలో ఏ దేశం టైమ్ పాటించాలన్న తికమక దీంతో సగం తీరుతుంది. పెరూ నుంచి సరిహద్దు దాటితే బొలీవియాలో గడియారం గంట ముందుకు జరుగుతుంది, అంతే.

కొత్తలో బీపీ కొంచెం పెరగడం సహజం. సొంతంగా మాత్ర డోసు పెంచవద్దు. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్ లాంటివి టెల్మిసార్టాన్‌తో కలిసి మూత్రపిండాలపై భారం వేస్తాయి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు, చలిగా ఉందని మద్యం, రెండూ వద్దు. అవి శ్వాసను మందగింపజేస్తాయి.

కోకా టీ తాగండి, తప్పు లేదు. అక్కడ ప్రతి హోటల్లోనూ ఇస్తారు. కానీ అది డయామాక్స్‌కు బదులు కాదు. ఆ ఆకులు, టీ పొట్లాలు తిరుగు సామానులో పెట్టుకోవద్దు. అక్కడ చట్టబద్ధమైనదే చాలా దేశాల్లో, మన దేశంలో కూడా, మాదకద్రవ్య కేసు అవుతుంది. ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట మాత్రమే, విమానంలోకి కూడా రానివ్వరు. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఉంటే తీసుకెళ్లండి కానీ దాన్ని చూసి బెంబేలెత్తకండి. కుస్కోలో ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా 88 చూపించవచ్చు. కోవిడ్ రోజుల్లో మనందరికీ 94 అనే అంకె మనసులో నాటుకుపోయింది, దాన్ని ఇక్కడే వదిలి వెళ్లండి. అంకె కన్నా మనిషి ఎలా ఉన్నారన్నదే ముఖ్యం.

మామూలు తలనొప్పి ఉంటే ఆ రోజు ఉన్నచోటే ఆగిపోండి, పైకి వెళ్లకండి. ఒకరోజులో తగ్గుతుంది. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు, రాత్రి పడుకోలేకపోవడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో అనుమానించాలి. మాట తడబడుతున్నా, గీత మీద మడమకు మునివేళ్లు తాకిస్తూ నడవమంటే తూలిపోతున్నా మెదడు వాస్తున్నట్టే. ఈ రెండింట్లో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆక్సిజన్, ఆస్పత్రి, వెంటనే కిందికి. కుస్కో నుంచైతే లోయకో లిమాకో, లా పాజ్ నుంచైతే పల్లంలో ఉన్న శాంతా క్రూజ్ నగరానికి. మీ ఇద్దరిలో ఎవరికి వచ్చినా రెండోవాళ్లే గుర్తుపట్టాలి, ఎందుకంటే వచ్చినవాళ్లు 'నాకేం కాలేదు' అనే అంటారు.

ఎల్లో ఫీవర్ టీకా గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. మీరు వెళ్లే ఎత్తుల్లో ఆ దోమల బెడద లేదు. అయినా ఆ కాగితం అవసరం. పెరూ నుంచి వచ్చేవాళ్లను బొలీవియా సరిహద్దులో అడగవచ్చు. ఈ రెండు దేశాల నుంచి ఆ సర్టిఫికెట్ లేకుండా మన దేశంలో దిగితే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే నిబంధన ఉంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు గుర్తింపు పొందిన కేంద్రంలోనే వేయించుకోవాలి. ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. అరవై దాటాక ఈ టీకాతో ఇబ్బందుల అవకాశం పెరుగుతుంది. వేయించుకోవాలంటే మీకిదే తగిన వయసు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు కూడా అడగండి. లిమాలో పచ్చి చేపతో చేసే సెవిచె చూడగానే నోరూరుతుంది. బాగా రద్దీగా ఉండే మంచి హోటల్లో మధ్యాహ్నం పూటైతే సరే.

ఇక మీ ఆవిడ విషయం. ఎసిటజోలమైడ్ కూడా సల్ఫా కుటుంబానిదే, కానీ యాంటీబయాటిక్ సల్ఫాకు దూరపు చుట్టం. అప్పుడు వచ్చినవి మామూలు దద్దుర్లే అయితే, ప్రయాణానికి కొన్ని వారాల ముందు డాక్టర్ కళ్లెదుట ఒక డోసు వేసి చూడవచ్చు. నోరు, కళ్లు పుండ్లు పడి, చర్మం పొక్కులెక్కి ఊడిందా? ఊపిరాడక ఆస్పత్రిలో చేరారా? అయితే ఆ మందు జోలికే పోవద్దు. ఆవిడకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఒక ప్రత్యామ్నాయం. మీకు మాత్రం అది షుగర్‌ను అమాంతం పెంచేస్తుంది కాబట్టి ఆవిడ మాత్రలు మీరు పంచుకోకండి. అప్పటి చీటీ గానీ, ఆ మాత్ర పేరు గానీ దొరుకుతుందేమో వెతికి, దద్దుర్లు ఎన్ని రోజులున్నాయో కూడా రాసి పంపండి.