ఇంటర్నెట్ ఫోన్ పెట్టించేముందు 911 సంగతి చూసుకోండి

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు తరచూ అడిగే సందేహం: "వాట్సాప్ ఉండగా ఇంట్లో వేరే ఫోన్ ఎందుకండీ?"

ఇంట్లో ఉండేది ఇద్దరే అయి, ఇద్దరికీ సెల్ ఫోన్లుంటే అక్కర్లేదు. చిన్నపిల్లలున్నా, అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నా ఇంటర్నెట్ లైన్ మీద నడిచే ఇంటి ఫోన్ ఒకటి ఉండి తీరాలంటాను. ఆపదలో ఆంబులెన్స్‌నో పోలీసులనో పిలిచే నంబరు 911కి ఎవరైనా చేయగలగాలి కదా. ఊమా, వోనేజ్ లాంటివి కావచ్చు, కేబుల్ కంపెనీ ఇంటర్నెట్‌తో కలిపి ఇచ్చేది కావచ్చు. మామూలు ఫోన్ సెట్టే తగిలించుకోవచ్చు. ఇల్లు మారినా నంబరు మీతోనే వస్తుంది. ఊళ్లో స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లకి నేరుగా చేసుకోవచ్చు. కాకపోతే ఇండియా ప్లాన్‌లో సెల్ నంబర్లు కూడా కలిశాయో లేదో చదివి మరీ తీసుకోండి.

మాట తెగిపోతోందని చాలామంది ఫోన్ కంపెనీని తిడతారు. ఒక కాల్‌కి 100 కేబీపీఎస్ ఇంటర్నెట్ వేగం చాలు. అసలు తంటా ఎక్కువగా వైఫైతోనే. ఫోన్ సెట్‌ని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న డబ్బాని, అంటే అడాప్టర్‌ని, కేబుల్‌తో రూటర్‌కి కలిపితే చాలా ఇళ్లల్లో సర్దుకుంటుంది.

నన్ను భయపెట్టేది కరెంటు. పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో దీపాలు ఆరినా ఫోన్ పలికేది. ఇంటర్నెట్ ఫోన్‌కి మోడెమ్, రూటర్, అడాప్టర్ మూడూ వెలుగుతుండాలి. 2021 ఫిబ్రవరి చలి తుఫానుకి టెక్సాస్‌లో 40 లక్షలకు పైగా ఇళ్లకీ దుకాణాలకీ కరెంటు పోయింది. అలాంటి రోజున బ్యాటరీ లేని ఇంటర్నెట్ ఫోన్ పలకదు. మూడింటినీ ఒక యూపీఎస్‌కి తగిలించండి. ఇంటర్నెట్ లైనే పోతే యూపీఎస్ కూడా ఆదుకోదు కాబట్టి ఒక పాత సెల్‌ని ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచండి. 4జీ మీద మాట్లాడగలిగే ఫోన్ అయితే, ప్లాన్ లేకపోయినా 911కి కాల్ వెళ్తుంది. లైన్ తెగితే 911 వాళ్లు తిరిగి చేయలేరు, అంతే.

రెండోది చిరునామా. ఇళ్లల్లో పెట్టుకునే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు 911 సౌకర్యం ఇచ్చి తీరాలని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లోనే ఆదేశించింది. అయితే ఆంబులెన్స్ సాధారణంగా మీరు నమోదు చేసిన చిరునామాకే వస్తుంది. డాలస్ నుంచి అట్లాంటా మారి అకౌంట్‌లో చిరునామా మార్చకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇల్లు మారిన రోజే మార్చేయండి. సెల్‌లో వైఫై మీద మాట్లాడే వైఫై కాలింగ్‌కీ ఇదే జాగ్రత్త. ఉచితంగా వచ్చే గూగుల్ వాయిస్ నంబరు నుంచి అసలు 911కి కాల్ చేయలేరు.

బ్యాంకు పనులకి మాత్రం ఇంటర్నెట్ నంబరు ఇవ్వకండి. చాలా బ్యాంకులు వాటికి ఓటీపీ పంపవు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి దారి వేరు: యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి.

అమ్మానాన్నలు దిగిన మర్నాడే ఫోన్ పక్కన ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించండి. 911 నొక్కి ముందు చిరునామా చదవమనండి, తర్వాత "తెలుగు" అని గట్టిగా చెప్పమనండి. చాలా ఊళ్లల్లో ఫోన్‌లోనే దుబాసీని కలుపుతారు. నేర్పడానికని 911కి మాత్రం చేయకండి. కొన్ని కంపెనీల్లో 933 నొక్కితే నమోదైన చిరునామా చదివి వినిపిస్తుంది. మీ కంపెనీలో ఆ సదుపాయం ఉందేమో అడగండి.