సీసాలోని ముడిచమురు ఎందుకు తరగడం లేదు?

సముద్రపు నీటిలో ముడిచమురు వేసి, చమురు తినే ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్ బాక్టీరియాను కలిపి మూడు వారాలు ఉంచినా తెట్టు చెక్కుచెదరలేదని మీరు రాశారు. లోపం బాక్టీరియాది కాకపోవచ్చు. చమురులో కర్బనం పుష్కలంగా ఉన్నా, కణాలు పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం సముద్రపు నీటిలో చాలా తక్కువగా ఉంటాయి. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల చమురు ఒలికినప్పుడు, రాళ్ల తీరాలపై ఎరువు చల్లింది ఇందుకే. చమురు తినే బాక్టీరియా అక్కడ అప్పటికే ఉంది.

కనుక కొద్దిగా అమ్మోనియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ కలపండి. ఆల్కేన్లను (చమురులోని వలయం లేని, గొలుసులాంటి హైడ్రోకార్బన్లను) విడగొట్టే తొలి మెట్టుకే ఆక్సిజన్ కావాలి కాబట్టి, మూత బిగించకుండా దూది బిరడా పెట్టి సీసాను షేకర్‌పై (కుదిపే యంత్రంపై) ఉంచండి. బాక్టీరియా వేయని సీసా ఒకటి పక్కన తప్పనిసరి. లేదంటే ఆవిరైపోయిన తేలిక భాగాన్ని కూడా బాక్టీరియా ఖాతాలోనే రాసుకుంటాం (ఈ పొరపాటు నేనూ చేశాను). పని మొదలైతే, ఆ జీవి స్రవించే సబ్బులాంటి పదార్థం వల్ల తెట్టు సన్నని బొట్లుగా విడిపోయి, నీరు మసకబారుతుంది. చివరికి నల్లటి జిగురు మిగిలితే కంగారు పడకండి. ఈ బాక్టీరియా ప్రధానంగా ఆల్కేన్లనే తింటుంది. బెంజీన్ లాంటి వలయాలున్న ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లకు సైక్లోక్లాస్టికస్ వంటి వేరే బాక్టీరియా కావాలి.