చిన్నూకి, సర్వర్ల సంగతి

చిన్నూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మధ్యలో ఆఫీసు కాల్, ఆ తర్వాత కుక్కర్ విజిల్. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "పది రోజుల్లో రెండు వందల కమాండ్లు చెప్పారు పెద్దమ్మా, నూట యాభై మర్చిపోయాను. నాకసలు లైనక్స్ వస్తుందా?" అన్నావు. మిగిలిన యాభైలో ముప్పై గట్టిగా వస్తే చాలురా. ఇరవై ఏళ్ళు దాటింది నేను సర్వర్లను నడిపించే ఈ లైనక్స్ పనిలోకొచ్చి, ఫైళ్ళు మూటకట్టే టార్ కమాండ్ ఆప్షన్లు ఇప్పటికీ మాన్ పేజీ (కమాండ్ వివరాలుండే పేజీ) చూసే కొడతాను.

అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరినందుకు నిన్ను తప్పు పట్టను. మైత్రీవనం చుట్టుపక్కల ఆ బోర్డుల కిందే మా తరం సగం ఉద్యోగాల్లోకి ఎక్కింది. కాకపోతే క్లాసులో నీకిచ్చేది ఆరోగ్యంగా ఉన్న మిషన్. సార్ చెప్పింది కొడితే, సార్ చెప్పిందే వస్తుంది. ఉద్యోగంలో మిషన్ బాగున్నంత కాలం నిన్ను ఎవరూ పిలవరు. పిలిచారంటే దానికి జబ్బు చేసిందని అర్థం. జబ్బు చేసిన మిషన్ ఎలా ఉంటుందో నువ్వు చూడాలి, అది క్లాసులో దొరకదు.

కాబట్టి నీ లాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపేది) వేసుకుని, అందులో రెండు ఆల్మాలైనక్స్ మిషన్లు పెట్టుకో. రాకీ లైనక్స్ అయినా ఒకటే, రెండూ లైనక్స్ రకాలే. డెస్క్‌టాప్ లేకుండా, నల్ల తెర ఒక్కటే వచ్చేలా పెట్టుకుంటే 8 జీబీ ర్యామ్‌లో రెండూ హాయిగా నడుస్తాయి. కొత్త లాప్‌టాప్ కావాలని మీ నాన్నను అడగకు. ర్యామ్ చాలకపోతే సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి ఇంకొకటి వేయించుకో. సెంటోస్ అనే ఇంకో లైనక్స్ రకం నేర్చుకోవాలా అన్నావు కదా, వద్దు. 2029 దాకా అప్‌డేట్లు ఇస్తామన్న సెంటోస్ 8ని 2021 డిసెంబరుతోనే ఆపేశారు, 7 కూడా 2024 జూన్‌తో అయిపోయింది. ఆల్మా, రాకీ పుట్టింది ఆ ఖాళీలోనే.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లైనక్స్ పుస్తకాలు కనిపిస్తాయి. కొనుక్కో, తప్పులేదు. ఫైళ్ళు, పర్మిషన్లు, ప్రాసెస్‌ల గురించి వాటిలో ఉన్నది ఇప్పటికీ నిజమే. సర్వీసులు, నెట్‌వర్క్ అధ్యాయాలు మాత్రం వదిలేయ్. 2014లో రెడ్‌హాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7తో, సర్వీసుల్ని లేపి నడిపే సిస్టమ్‌డీ వచ్చాక ఆ వంటిల్లంతా మారిపోయింది.

మిషన్ పెట్టుకున్నాక దాన్ని పాడుచెయ్యి. నిజంగానే. ముందు ఒక స్నాప్‌షాట్ (మిషన్ ఇప్పుడున్న స్థితికి నకలు) తీసుకుని, ఏ డిస్క్‌ని ఎక్కడ తగిలించాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, అసలు మిషన్లో లేనే లేని డిస్క్ పేరు ఒకటి రాసి రీబూట్ కొట్టు. మిషన్ మామూలుగా లేవదు, ఎమర్జెన్సీ మోడ్ అని ఆగిపోతుంది. స్నాప్‌షాట్ ఉంది కదా అని వెంటనే వెనక్కి పోకు, ఒక గంట కొట్టుకో. తెర మీద వచ్చిన ప్రతి లైనూ చదువు. ఇంగ్లీషు రాదని భయమన్నావు. ఎర్రర్ మెసేజ్‌కి కావలసిన ఇంగ్లీషు ఒక వంద మాటలే, నెల రోజుల్లో వచ్చేస్తుంది. బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా ఆ లైన్లు చదవకుండానే నాకు ఫోన్ చేస్తారు. ఆ తప్పు ఒకసారి నీ చేత్తో దిద్దుకున్నాక, ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కి ముందే "మౌంట్ హైఫన్ ఏ" (అందులోని డిస్కులన్నీ ఇప్పుడే తగిలించు అని) కొట్టి చూసుకోవడం నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డిస్క్ నిండిపోవడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ మొదటి రాత్రి డ్యూటీలో వచ్చేది అదే. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే నూటికి నూరు శాతం నిండింది అంటుంది. ప్రోగ్రామ్ జరిగిందల్లా రాసుకునే లాగ్ ఫైల్ ఒకటి 40 జీబీ ఉందని చూసి తీసేస్తావు. మళ్ళీ డీఎఫ్ కొడితే అదే నూరు శాతం. ఫైళ్ళ సైజులు కూడే డీయూతో లెక్కేస్తే మాత్రం అంత సరుకు కనపడదు. మతి పోతుంది. జరిగిందేమిటంటే, నువ్వు కొట్టేసింది పేరు మాత్రమే. మీ హాస్టల్ రిజిస్టర్‌లో ఒకడి పేరు కొట్టేశారు, వాడు మాత్రం గది ఖాళీ చేయలేదు, అంతే. ఆ ఫైల్‌ని తెరిచిపెట్టుకున్న ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఆ స్థలం తిరిగివ్వదు. ఎవరు పట్టుకున్నారో ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ చూపిస్తుంది, పేరు పక్కన "డిలీటెడ్" అని ఉంటుంది. ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే స్థలం వస్తుంది. అసలు నడుస్తున్న లాగ్‌ని తీసేయకూడదు, ట్రంకేట్‌తో ఖాళీ చేయాలి. ఇంకో రకం ఉంది: స్థలం బోలెడు ఉంటుంది, అయినా కొత్త ఫైల్ రాయలేను అంటుంది. అప్పుడు "డీఎఫ్ హైఫన్ ఐ" కొట్టు. ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావలసిన చీటీలు) అయిపోయి ఉంటాయి, ఎక్కడో ఒక ఫోల్డర్‌లో లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు పేరుకుని ఉంటాయి. ఈ రెండూ నీ మిషన్లో కావాలని తెచ్చిపెట్టుకుని చూడు.

"పర్మిషన్ డినైడ్" వస్తే 777 (అందరికీ అన్ని అనుమతులూ) కొట్టమని నీ రూమ్మేట్ చెప్పాడట. వాడి మాట వినకు. తాళం పడలేదని తలుపు పీకి వీధిలో పడేసినట్టు ఉంటుంది అది. చాలాసార్లు ఫైల్ పర్మిషన్ బాగానే ఉంటుంది, పై ఫోల్డర్లలో ఏదో ఒకటి దారి ఇవ్వదు. "నేమ్‌ఐ హైఫన్ ఎల్" అని ఒక చిన్న కమాండ్ ఉంది, గేటు దగ్గర్నుంచి గది దాకా ఎక్కడ ఆగిందో వరసగా చూపిస్తుంది. లైనక్స్‌లో అదనపు కాపలా అయిన ఎస్‌ఈలైనక్స్‌ని ఆపేయమని కూడా చెబుతారు, అదీ ఇలాంటి సలహానే.

ఇక నా ఘనకార్యం చెప్తాను. 2006లో బేగంపేటలో ఒక చిన్న కంపెనీలో చేసేదాన్ని. ఒక రాత్రి కూకట్‌పల్లి ఇంట్లోంచి సర్వర్‌లోకి వెళ్ళి, ఎవర్ని లోపలికి రానివ్వాలో చూసే ఫైర్‌వాల్ సరిచేస్తున్నాను. నియమాలు గందరగోళంగా ఉన్నాయి, అన్నీ చెరిపేసి మొదట్నుంచి రాద్దామని "ఐపీటేబుల్స్ హైఫన్ ఎఫ్" కొట్టాను. చెరిపేస్తే అన్ని దారులూ తెరుచుకుంటాయనుకున్నాను. ఏ నియమమూ లేనప్పుడు అమలయ్యే పాలసీ "డ్రాప్" (రానివ్వకు) అని ఉందని చూసుకోలేదు. చెరిగిపోయినవి అనుమతులు, మిగిలింది నిషేధం. తెర అలాగే బిగుసుకుపోయింది. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి ఆ పెట్టె బటన్ ఒకసారి నొక్కవయ్యా, పాత నియమాలు మళ్ళీ ఎక్కుతాయి అన్నాను. "కాలితే నా జీతంలో పట్టుకుంటారు మేడం, నేను ముట్టుకోను" అన్నాడు. అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. వానలో ఆటో పట్టుకుని ఒంటిగంటకి వెళ్ళి, ఒక్క నిమిషం పని చేసి, తెల్లారాక ఇల్లు చేరాను. మీ పెదనాన్న ఇప్పటికీ వాన పడినప్పుడల్లా గుర్తుచేస్తారు.

అప్పట్నుంచి దూరం నుంచి ఫైర్‌వాల్ ముట్టుకునేముందు చెప్పిన టైముకి పని చేసిపెట్టే "ఆట్" కమాండ్‌తో ఒక పని పెట్టుకుంటాను: పది నిమిషాల తర్వాత పాత నియమాలు తిరిగి ఎక్కించు అని. అంతా సవ్యంగా ఉంటే ఆ పనిని రద్దు చేస్తాను, బయట చిక్కుకుంటే పది నిమిషాలు ఓపిక పడతాను. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి ఎస్‌ఎస్‌హెచ్, దాని సెట్టింగు మార్చినప్పుడు ఉన్న కిటికీ మూయకుండా రెండో కిటికీలోంచి లాగిన్ అయ్యి చూసుకో. ఫైళ్ళు తీసేసే ఆర్‌ఎం కొట్టేముందు అదే ప్యాటర్న్‌తో ఎల్‌ఎస్ కొట్టి ఏవి పోతాయో చూసుకో. ఏ మిషన్లో ఉన్నావో హోస్ట్‌నేమ్ చూసుకో. ఇవన్నీ చాదస్తం అనిపిస్తాయి. అనిపించనీ.

సర్టిఫికెట్ గురించి: ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్‌హాట్ వాళ్ళ పరీక్ష) రాయి, కానీ ఆరు నెలల తర్వాత. అందులో ఆన్సర్లకి టిక్కులు పెట్టడాలు లేవు, మిషన్ ఇచ్చి పని చేయమంటారు. చేసినవన్నీ రీబూట్ అయ్యాక కూడా నిలబడాలి, లేకపోతే మార్కుల్లేవు. ప్రశ్నలు బట్టీపట్టిస్తామనే చోట డబ్బు కట్టకు.

ఏఐని అడిగి కమాండ్ తెచ్చుకోవడం నేనూ చేస్తాను. తెచ్చింది ముందు నీ మిషన్లో నడుపు, ప్రతి ఆప్షన్ మాన్ పేజీలో చూడు.

ఒక పొడుగు నోట్‌బుక్ కొనుక్కుని తేదీ, కనిపించిన లక్షణం, చేసిన పని, వచ్చిన ఫలితం రాసుకో. వచ్చే ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు అదీ, లాప్‌టాప్, ఛార్జర్ తీసుకురా. నువ్వు చేతులు కడుక్కుని వచ్చేలోపు నీ మిషన్ని మూడు చోట్ల పాడుచేసి పెడతాను. రెండు పట్టుకుంటే సాయంత్రం ఇరానీ చాయ్ నాది.

— పెద్దమ్మ