నెలసరి రోజుల్లో అమ్మాయిలు ఆటలు ఆడవచ్చా?

నిస్సందేహంగా ఆడవచ్చు, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి నెలసరి రోజుల్లో ఆటలు మానుకోవలసిన వైద్యపరమైన కారణమేదీ లేదు. గర్భాశయ కండరాలను సంకోచింపజేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల పొత్తికడుపులో నొప్పి వస్తుంది. క్రమం తప్పని వ్యాయామం చాలామందిలో ఆ నొప్పిని తగ్గిస్తుంది. ఉదాహరణకు, రోజూ పరుగెత్తే అమ్మాయి ఆ రోజుల్లో నీరసంగా ఉంటే నడకతో సరిపెట్టుకోవచ్చు, ఓపిక ఉంటే ఎప్పటిలాగే పరుగెత్తవచ్చు. ఆ నిర్ణయం ఆమెదే కావాలి. ఆటలాడితే గర్భసంచి జారుతుందని, ముందుముందు పిల్లలు పుట్టరని పెద్దలు భయపడటం కేవలం అపోహ, ఆ భయమే కొందరు అమ్మాయిలను మైదానానికి దూరం చేయడం బాధాకరం. నిజంగా పట్టించుకోవలసినది వేరే ఉంది: కఠిన శిక్షణకు తగినంత ఆహారం అందక వరుసగా మూడు నెలలు నెలసరి ఆగిపోయినా, నొప్పి భరించలేనంతగా ఉన్నా డాక్టరుకు చూపించాలి.