ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవాళ్లు పీఎస్ 4 నుంచి పీఎస్ 5కి మారితే ఉపయోగం ఉందా?

మీ దగ్గర పీఎస్ 4 (సోనీ ప్లేస్టేషన్ గేమ్ కన్సోల్), ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నాయి. అందరూ పీఎస్ 5 గ్రాఫిక్స్ లెక్కల వేగం 10.28 టెరాఫ్లాప్స్ అని ఊదరగొడుతుంటే, 4కే టీవీ లేకుండా పీఎస్ 5 కొంటే బూడిదలో పోసిన పన్నీరే కదా అని మీ అనుమానం. నాదీ అప్పట్లో ఇదే టెన్షన్. 2021లో మన దేశంలో అమ్మకాలు మొదలైన ఏడాదే కొన్నాను, ఏడాదిన్నర పాటు పాత ఫుల్ హెచ్‌డీ టీవీకే పెట్టి ఆడాను. ఒక్కసారి కూడా డబ్బులు దండగ అనిపించలేదు.

టెరాఫ్లాప్స్ సంగతి కాసేపు వదిలేయండి. పీఎస్ 4ది 1.84, దీనిది 10.28, సరే. ఆడేటప్పుడు చేతికి తెలిసే తేడా మాత్రం ఎస్‌ఎస్‌డీది, అంటే తిరిగే భాగాలు లేని స్టోరేజ్‌ది. పీఎస్ 4లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది కదా, డేటా ఎక్కడుందో వెతుక్కోవడానికే దానికి టైమ్ పడుతుంది. ఆ వెతుకులాట తగ్గించడానికి పాత స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో పోస్ట్ డబ్బాలాంటి కొన్ని వస్తువులను డిస్క్ మీద 400 సార్లు కాపీ చేసి పెట్టారట. పీఎస్ 5 డిజైన్ చేసిన మార్క్ సెర్నీయే 2020లో చెప్పాడు. ఇందులో ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది, ఇక ఆ తిప్పలు ఉండవు. పీఎస్ 4లో ఓడిపోయాక మళ్లీ లోడయ్యేలోపు నేను వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టేలోపే ఆట మొదలైపోతుంది. దీనికి టీవీతో పనే లేదు.

రెండోది సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద సెకనుకు 60 బొమ్మలు. పీఎస్ 4లో 30 దగ్గరే ఆగిపోయిన చాలా గేములకు ఇందులో 60తో ఆడించే పర్ఫార్మెన్స్ మోడ్ ఉంటుంది, అది మీ టీవీలోనూ కనిపిస్తుంది. 4కేలో 120 కావాలంటే మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 (ఎక్కువ వేగం తట్టుకునే కొత్త రకం కేబుల్ పోర్టు) ఉన్న టీవీ కావాలి. తర్వాత నేను అలాంటిది కొని కూడా రెండు నెలలు 60లోనే ఆడాను. నాలుగు పోర్టుల్లో ఒకదానికే ఆ సౌకర్యం ఉందట, నేను కేబుల్ పెట్టింది వేరేదానికి!

అసలు ఇబ్బంది స్టోరేజ్. నేను కొన్న పాత మోడల్‌లో 825 జీబీ అన్నారు గానీ మనకు మిగిలేది 667. నేను తెలియక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కొన్నాను. అందులో పీఎస్ 4 గేములు ఆడతాయి, పీఎస్ 5 గేములు దాచుకోవడానికే. చివరికి కన్సోల్ లోపలే బిగించే చిన్న పలక లాంటి ఎం.2 ఎస్‌ఎస్‌డీ వేసుకున్నాను. జెన్4 (నాలుగో తరం) రకమే తీసుకోండి, వేడిని లాగేసే హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. తెల్ల కవర్ జరిపి తీసేస్తే లోపల చిన్న రేకు మూత, దాని కింద స్లాట్. మరలు విప్పడం తేలికే. ఆ మర కింద ఉండే గోధుమగింజంత రింగును మాత్రం జాగ్రత్తగా పట్టుకోండి. నాది సోఫా కిందకు దొర్లిపోతే ఫోన్ లైట్ వేసుకుని అరగంట వెతికాను.

టీవీకి ఇప్పుడే ఖర్చు పెట్టకండి. ఆ డబ్బులో కొంత డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్‌కు వాడండి, మీ పీఎస్ 4 డిస్కులు దాదాపు అన్నీ అందులో ఆడతాయి. డ్రైవ్ లేని డిజిటల్ కొని, దానికి విడిగా డ్రైవ్ తగిలించుకోకపోతే అవి టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే.