సంక్రాంతికి కుక్కతో వస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

దిండిలో గోదావరి గట్టున ఇల్లు తీసుకున్నారనీ, బ్రౌనీని కూడా తెస్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. మంచిదే. కాకపోతే పండగ మీకు, వాడికి కాదు. వాడి లెక్కలో ఉన్న ఇల్లు పోయింది, అంతే. అందుకని మొదటి సాయంత్రం వాడికి వదిలెయ్యండి. అంతర్వేది మర్నాడు వెళ్లొచ్చు, నరసింహస్వామి ఎక్కడికీ పోడు.

వాడు పడుకునే దుప్పటి ఉతక్కుండా తీసుకురా. వాసనని మొహం చిట్లించకు, వాడికి ధైర్యం ఆ వాసనే. కారు దిగగానే గొలుసుతోనే పెరడంతా ఒక చుట్టు తిప్పు. కాలెత్తే పని అక్కడే కానిస్తాడు. ఆ తర్వాత ఒక్క గదిలోకే తీసుకెళ్లు. గోడవారన దుప్పటి పరిచి, పక్కన నీళ్లగిన్నె పెట్టి, నువ్వూ అక్కడే కూర్చో. ఫోన్ చూసుకో, వాణ్ని మాత్రం ఊరికే పిలవకు. కాసేపు రొప్పుతూ తిరుగుతాడు, మూలమూలా వాసన చూస్తాడు. చివరికి బుస్సుమని ఊపిరి వదిలి గడ్డం నేలకి ఆనిస్తాడు. అప్పుడు మిగతా గదులు చూపించు. టైల్స్ మీద కాళ్లు జారుతుంటే ఒక గోనెపట్టా వెయ్యి.

అరగంటే కదా అని మొదటిరోజు తాళం వేసుకుని వెళ్లకండి. తలుపు గీకేస్తాడు, ఇంటాయనతో మాట పడేది మీరు. ముందు రెండు నిమిషాలు బయటికెళ్లి రా, తర్వాత పది.

తిండి మీ ఇంట్లో పెట్టేదే, అదే వేళకి. మొదటి పూట ముట్టకపోతే టెన్షన్ పడి చేపల పులుసు కలపకు. ఉల్లిపాయ వాటికి పడదు, ఉడికిన ముల్లు గొంతులో దిగుతుంది. అత్తయ్య చేసే స్వీట్లలో కిస్మిస్ ఉంటుంది, అది కుక్కల కిడ్నీలు పాడు చేస్తుంది. పిల్లలకి గట్టిగా చెప్పు.

ఇక అసలు సంగతి పుంజులు. పండగ రోజుల్లో ఏ తోటలో చూసినా పందెం కోళ్లు కట్టేసి ఉంటాయి. ఒక్కోదాని ఖరీదు వింటే కళ్లు తేలేస్తావు. వాటిని జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి పెంచుతారు, మీవాడు ఒక్క ఈక పీకినా ఊరంతా పంచాయితీకి వస్తుంది! గొలుసు వదలొద్దు. కాలువ గట్టున కూడా అంతే. సిమెంటు గోడ ఉన్నచోట పడితే ఈతొచ్చినా పైకి ఎక్కలేడు.

భోగినాడు తెల్లవారకముందే మంటలూ కేకలూ. ముందురోజు రాత్రే వాణ్ని లోపలి గదిలో పడుకోబెట్టి ఫ్యాన్ వెయ్యి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మీరు వెళ్లండి, వాడొద్దు. ఆ డప్పులకీ బాణసంచాకీ మనుషులకే చెవులు దిబ్బెళ్లు పడతాయి. వాడి దగ్గర నేనుంటాను.

తోటల్లో తిరిగొచ్చాక చెవుల లోపలా, వేళ్ల సందుల్లో గోమార్లు చూడు. రేబిస్ టీకా కార్డు తెచ్చుకో. మెడపట్టీ మీద నీ ఫోన్ నంబరు రాయించు.

ఇంటాయనకి ఫోన్ చేసి పెరటికి ప్రహరీ ఉందో, దడే ఉందో కనుక్కో. దడైతే ముందే చెప్పు, కంతలున్నచోట తాటాకులు కట్టించి పెడతాను.

మీ మామయ్య